మాటపడిన మాటలు

సూరత్ నగరంలోని రింగ్ రోడ్ మీద పగటిపూట తిన్నగా నడిచిపోవడం కష్టం. రోడ్డు పొడవునా అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు. వాటి మెట్లమీద, గుమ్మాలలో, కాలిబాటలమీద చీరల మూటలు. మూట క్రింద వంగిన హమాలీ, లెక్క చూచుకొంటున్న దళారి, టీ గ్లాసులు మోస్తున్న కుర్రవాడు అందరూ తొందరలోనే ఉంటారు. సహారా దర్వాజా, ఉధ్‌నా దర్వాజా, మజూరా గేట్ అని అక్కడి కూడళ్ళకు పేర్లు. ఒకప్పటి ప్రాకార ద్వారాల జ్ఞాపకం ఆ పేర్లలో ఉన్నది. కాని అక్కడ బస్సు దిగిన మనిషి తలుపుకోసం వెదకడు. పేరు నిలిచి వస్తువు తొలగిపోవడం ఊళ్ళకే కాదు, మాటలకు కూడ ఉన్న ధర్మమే.

ఆ రోడ్డుమీద వినిపించే భాష ఒకటి కాదు. గుజరాతీ, మార్వాడీ, హిందీ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలుగు కూడ చెవిని పడుతుంది. తెలంగాణలోని నేతపల్లెలనుండి బయలుదేరిన కుటుంబాలు ఎన్నో సూరత్ మరమగ్గాల నడుమ స్థిరపడినవి. వారి బిడ్డలకోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను కూడ నడుపుతూ వచ్చినది. ఇన్ని భాషలవారు కలిసి బ్రతికేచోట ఎవరికీ తల్లిభాష కాని మాటలు కొన్ని అందరి నోళ్ళలోనూ నలుగుతూ ఉంటాయి. గ్రే, గోడౌన్, ఫ్యాక్టరీ అటువంటివి. వాడేవారు వాటిని ఇంగ్లీషు మాటలని కూడ అనుకోరు. తమ పనిముట్లవలెనే చేతికి అలవాటైన వస్తువులుగా భావిస్తారు.

అయితే వాటిని కొంచెం గీచి చూస్తే లోపల పాత రంగులు కనిపిస్తాయి. మార్కెట్టులో గ్రే అంటే బూడిదరంగు కాదు. మగ్గంమీదనుండి దిగి, అద్దకానికి ఇంకా పోని ముడిబట్ట. అదే బట్టకు ఇంగ్లీషులో గ్రేజ్ అన్న పేరు కూడ ఉన్నది. అది ముడిపట్టును చెప్పే ఫ్రెంచి మాట. గోడౌన్ ప్రయాణం ఇంకా విచిత్రమైనది. వస్తువులు పడి ఉండేచోటు అన్న అర్థంలో తమిళంలో కిడంగు, తెలుగులో గిడ్డంగి అన్న మాటలున్నవి. ఆ కుటుంబపు మాటే మలయా రేవులకు పోయి గుదాంగ్ అయి, అక్కడి వర్తకుల నోట గోడౌన్‌గా మారినదని నిఘంటుకారులు ఊహిస్తారు. సూరత్‌లోని తెలుగువాడు గోడౌన్‌కు పోతున్నానన్నప్పుడు పరాయి మాట వాడుతున్నాననుకొంటాడు. ఇంటినుండి చిన్ననాడు వెళ్ళిపోయిన బిడ్డ పెద్దవాడై వేషం మార్చుకొని తిరిగివస్తే తల్లి గుర్తుపట్టలేకపోయినట్లున్నది ఈ వ్యవహారం.

ఇక ఫ్యాక్టరీ. నేడు ఆ మాటకు వస్తువులు తయారయ్యేచోటు అని అర్థం. కాని 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరత్‌లోను ఆంగ్ల వర్తకులు ఫ్యాక్టరీలు నెలకొల్పినప్పుడు వాటిలో ఏమీ తయారు కాలేదు. కంపెనీ తరపున సరుకు కొనే ప్రతినిధికి ఫ్యాక్టర్ అని పేరు. అతడు నివసించి, సరుకు దాచి, లెక్కలు వ్రాసుకొనే భవనం ఫ్యాక్టరీ. నేసేవాడు, అద్దేవాడు దాని గోడల వెలుపలనే ఉన్నాడు. మాన్యుఫాక్చర్ అన్న మాటకు లాటిన్ మూలాన్నిబట్టి చేతితో చేయుట అని అర్థం. నేడది ముఖ్యంగా యంత్రంతో చేసిన దానికి చెల్లుతున్నది. పనిచేసే చేయి మాటలోనుండి ఎప్పుడు జారిపోయినదో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. పాతబడిపోయిన అర్థానికి నేటి మనిషిమీద ఏమైనా హక్కు ఉన్నదా? భాషాశాస్త్రజ్ఞులు లేదంటారు. మాటకు అర్థం వాడుకలో ఉన్నదే గాని మూలంలో ఉన్నది కాదు. ఇంగ్లీషులో నైస్ అంటే ఒకప్పుడు అజ్ఞాని; ఆ మూలాన్ని పట్టుకొని, తనను నైస్ అని మెచ్చుకొన్న మిత్రునితో ఎవడైనా కలహానికి దిగితే లోకం నవ్వుతుంది. ఈ వాదం న్యాయమైనదే. పాత అర్థం ఆజ్ఞ కాదు. కాని ఆజ్ఞ కాని ప్రతిదీ నిరర్థకం కాదు. న్యాయస్థానంలో సాక్షి తీర్పు చెప్పడు. అయినా అతడు చెప్పినదాన్ని వినకుండా తీర్పు చెప్పరాదు. పాత అర్థం అటువంటి సాక్షి. మాట ఎక్కడినుండి ఎక్కడికి వచ్చినదో, దారిలో ఎవరు దాన్ని ఎత్తుకొన్నారో, ఎవరు క్రిందికి త్రోసివేశారో అది చెబుతుంది.

ఇంగ్లీషులో పూర్వం బాలుడు అన్న అర్థంలోనే రెండు మాటలుండేవి. నేడు నైట్ అని పలికేది ఒకటి, నేవ్ అని పలికేది మరొకటి. రెండింటికీ క్రమంగా సేవకుడన్న అర్థం వచ్చినది. మొదటివాడు రాజుగారి కొలువులో గుర్రమెక్కినాడు. అతని పేరు వీరుడికి, గౌరవనీయుడికి బిరుదమైనది. రెండవవాడు వంటింటిలోను, పశువులశాలలోను ఉండిపోయినాడు. అతని పేరు మోసగాడికి పర్యాయపదమైనది. పుట్టుకలో ఇద్దరికీ తేడా లేదు. ఒకడు అధికారానికి దగ్గరైనాడు, మరొకడు పనికి దగ్గరైనాడు. అదే విధంగా విలన్ అన్న మాట మొదట పెద్ద భూస్వామి కమతంలో పనిచేసే పల్లెవాడికి పేరు. తరువాత మొరటువాడికి, చివరకు దుర్మార్గుడికి పేరైనది.

ఈ విషయంలో ఆంగ్లేయులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. హిందీలో గఁవార్ అంటే గ్రామంవాడు. తిట్టుగా తప్ప నేడా మాట వినబడదు. మన ఆలంకారికులు కావ్యదోషాలలో ఒకదానికి గ్రామ్యమనే పేరు పెట్టారు. తెలుగులో సాని అంటే స్వామిని, యజమానురాలు. దొరసాని అన్నప్పుడు ఆ గౌరవం ఇంకా నిలిచే ఉన్నది, ఒంటిగా సాని అన్నప్పుడు అది మంటగలిసినది. ఇంకొక వింత ఉన్నది. సూత్రమంటే దారం, తంత్రమంటే మగ్గం, పడుగు, గ్రంథమంటే ముడి. నేతగాని ఇంటి చుట్టూ తిరిగే ఈ మాటలన్నీ మన భాషలలో శాస్త్రాల పేర్లై సింహాసనమెక్కినవి. కాని హిందీ సామెతలలో జులాహా, అంటే నేతగాడు, తరచుగా తెలివితక్కువవాడుగానే కనిపిస్తాడు. దారానికి దండం పెట్టి, దారం పట్టినవాడిని వెక్కిరించిన లోకం మనది.

ఇంగ్లీషులో నేతకు సంబంధించిన మాటలకు ఈ మర్యాద కూడ దక్కలేదు. స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే స్త్రీ. తన కదురుతో తాను బ్రతికే స్త్రీకి అది వృత్తినామం. పదిహేడవ శతాబ్దానికి అది అవివాహితకు చట్టబద్ధమైన విశేషణమైనది. తరువాత పెండ్లికాక మిగిలిపోయినదన్న ఎగతాళిగా మారినది. ఇంగ్లండు, వేల్సులలో వివాహపు రిజిస్టర్లనుండి ఆ మాటను తొలగించినది 2005లో మాత్రమే. బాంబాస్ట్ అంటే దూది, దుస్తులు ఉబ్బెత్తుగా కనిపించడానికి లోపల కుక్కేది. నేడది డాంబికపు మాటలకు పేరు. ఫస్టియన్ అనే ముతకబట్ట పేరుకు కూడ అదే గతి పట్టినది.

షాడీ అన్న మాట కథ వేరు. ఆ కథలో న్యాయాన్యాయాలు ఇంత సులభంగా తేలవు. పందొమ్మిదవ శతాబ్దారంభంలో యార్క్‌షైరులోని బాట్లీలో పాత ఉన్నిబట్టలను చీల్చి, పీచుచేసి, క్రొత్త ఉన్ని కలిపి మళ్ళీ వడకడం ప్రారంభించారు. ఆ బట్ట పేరు షాడీ. చలికి వణికే పేదవానికి అందుబాటు ధరలో దొరికిన ఉన్నిబట్ట అది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు కొందరు గుత్తేదారులు సైనికులకు ఇటువంటి బట్టతోనే నాసిరకపు దుస్తులు కుట్టించి, మేలురకం ధర గుంజుకొన్నారు. వానకు తడిసి, కవాతుకు చినిగి ఆ దుస్తులు పీలికలైనవి. అప్పటినుండి షాడీ అంటే నాసి, మోసం అన్న అర్థం స్థిరపడినది. మోసం చేసినది గుత్తేదారు, మాటపడినది బట్ట. నేడు హర్యానాలోని పానిపట్టు పట్టణం ప్రపంచం పారవేసిన ఉన్నిబట్టలను తెచ్చి, ఆ పద్ధతిలోనే నూలు తీసి కంబళ్ళు నేస్తున్నది. వ్యర్థాన్ని తగ్గించవలెనని సభలు జరిపే ఈ కాలంలో, ఆ పనిని చాలకాలంగా చేస్తున్నవారి సరుకు పేరు నిఘంటువులో ఇంకా నిందార్థంలోనే ఉన్నది.

ఛింట్జ్ అన్న మాట మన గడప దాటిపోయినదే. ఛీంట్ అంటే చుక్కలు చల్లినట్లు రంగులద్దిన బట్ట. మచిలీపట్నం ప్రాంతపు కలంకారీ అద్దకాలు ఆ పేరుతోనే లండను చేరినవి. ఉతికినకొద్దీ మెరుగెక్కే ఆ రంగులను చూచి ఇంగ్లండు ముగ్ధమైనది. అక్కడి నేతగాళ్ళు భయపడినారు. 1719లో లండను వీధులలో అద్దకపుబట్టలు కట్టిన స్త్రీలను వెంబడించి, వారి దుస్తులు చింపి, కొందరిపై ఆమ్లం చల్లారు. 1721లో పార్లమెంటు ఆ బట్టల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేసినది. తరువాతి కాలంలో యంత్రాలు వచ్చినవి. లాంకషైరు మిల్లులు ఆ పూలను, ఆ తీగలను అగ్గువగా అచ్చువేసి ప్రపంచమంతటా అమ్మినవి. పందొమ్మిదవ శతాబ్దం మధ్యకు ఛింట్జీ అంటే చౌకబారు అన్న అర్థం ఏర్పడినది. అమెరికాలో దానికి పిసినిగొట్టు అన్న అర్థం కూడ చేరినది. చౌకతనం అనుకరణలోనిది, నింద మాత్రం అసలు పేరుకు చెందినది.

ఈ మాటలన్నింటికంటె రింగ్ రోడ్‌కు సమీపమైన మాట మరొకటి ఇంగ్లీషు నిఘంటువులలో ఉన్నది. అది సూరత్. ఇది కేవలం నగరం పేరు కాదు. ఒకప్పుడు ఇంగ్లీషులో సామాన్యనామం. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం మూసివేయడంతో లాంకషైరు మిల్లులకు ప్రత్తి రావడం ఆగిపోయినది. అంతకుముందు వారు వాడే ప్రత్తిలో మూడువంతులకు పైగా అమెరికానుండే వచ్చేది. ఆ లోటు తీర్చడానికి పశ్చిమభారతపు ప్రత్తిని దిగుమతి చేసుకొన్నారు. ఎక్కడ పండినా దానికి వ్యాపారంలో సూరత్ అనే పేరు. ఆ ప్రత్తి పింజ పొట్టిది. యంత్రంమీద దారం మాటిమాటికి తెగేది. నేసిన గుడ్డనుబట్టి కూలి కట్టే రోజులవి. దారం తెగితే కూలి తెగినట్లే. బస్తాలలో గింజలు, రాళ్ళు, మట్టి కూడ వచ్చేవి. ఆకలితో ఉన్న లాంకషైరు కార్మికుడికి సూరత్ అన్న పేరు శాపమైనది. క్రమంగా నాసిదానికి, కల్తీదానికి ఏదైనా సరే సూరత్ అనడం అలవాటైనది. తమ బీరును ఆ మాటతో దూషించినారని మద్యం తయారుచేసేవారు పరువునష్టపు దావా వేసిన ఉదంతం కూడ ఉన్నది. ప్రత్తి పంపమని దేవుని ప్రార్థిస్తుంటే వెనుకనుండి ఒకడు సూరత్‌ది మాత్రం వద్దని అందుకొన్నాడన్న కథ నేటికీ లాంకషైరు చరిత్రలలో చెప్పుకొంటారు.

ఆ కార్మికుని కోపం అబద్ధం కాదు. కల్తీ నిజంగానే జరిగినది. దాన్ని అరికట్టడానికి 1863లో బొంబాయి ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చినది. పైగా ఆ కార్మికులు స్వార్థపరులని చెప్పడానికి వీలు లేదు. 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో కార్మికులు సభచేసి, ప్రత్తి రాకున్నా సరే బానిసత్వం పోవలెనని కోరుతూ లింకనుకు సందేశం పంపినారు. మరుసటి జనవరిలో లింకను వారి త్యాగాన్ని కొనియాడుతూ జవాబు వ్రాసినాడు. తాము ఎన్నడూ చూడని నీగ్రో బానిస విముక్తికి ఆకలిని ఓర్చుకొన్నవారు, తాము ఎన్నడూ చూడని భారతీయ రైతు నగరాన్ని తిట్టుగా మార్చినారు. ఒకే నోరు, ఒకే ఆకలి. ఒకరి విషయంలో మనిషి కనిపించినాడు. మరొకరి విషయంలో సరుకు మాత్రమే కనిపించినది.

నైతిక ప్రశ్న అంతా ఇక్కడే ఉన్నది. సరుకులోని లోపాన్ని లోపమని చెప్పడం సత్యం, చెప్పకపోవడమే తప్పు. రాళ్ళు కలిపిన ప్రత్తిని మంచి ప్రత్తి అనడం మర్యాద కాదు, అబద్ధం. కాని కల్తీచేసిన దళారిని విడిచి, పండించిన ఊరిపేరును నిందకు వాడుకొన్నప్పుడు సత్యం తన హద్దు దాటి అవమానమైనది. అట్టి అవమానం వ్యక్తి నోట ఒక్కసారి పలికి ఊరుకొనేది కాదు. మాటలో ఒకసారి చేరిన తరువాత, ఏ ద్వేషమూ లేనివాడు కూడ దాన్ని తెలియకుండా మోసుకొని తిరుగుతాడు. నిందించినవాడు చనిపోతాడు, నింద బ్రతికి ఉంటుంది.

కూలీ అన్న ఇంగ్లీషు మాట దీనికి గొప్ప ఉదాహరణ. దాని పుట్టుకకు నిఘంటుకారులు రెండు దారులు చూపుతారు. ఒకటి గుజరాత్‌లోని కోలీ జాతి పేరు. రెండవది దక్షిణాది భాషలలోని కూలి, అంటే చేసిన పనికి ప్రతిఫలం. ఏ దారి నిజమైనా, ఓడలెక్కి నేటాలుకు, మారిషసుకు పోయిన మనుషులమీద ఆ మాట ముద్రవేసినట్లు పడినది. 1893లో దక్షిణాఫ్రికాకు వెళ్ళిన గాంధీగారు అక్కడ కూలీ బారిస్టరు అనిపించుకొన్నారు. తెలుగులో మాత్రం కూలి అంటే ఇప్పటికీ న్యాయంగా రావలసిన డబ్బు. సూరత్ మరమగ్గం ముందు నిలబడిన తెలుగువాడు కూలి గిట్టలేదన్నప్పుడు అందులో అవమానం లేదు, హక్కు ఉన్నది. ఒకే మాట ఒక భాషలో హక్కుగా, మరొక భాషలో ముద్రగా బ్రతుకుతున్నది.

సూరత్ పేరుకు పట్టిన పాత గతి ముగిసినదనుకోవడానికి వీలు లేదు. ఇంగ్లీషులో ఆ అర్థం పాతబడి చచ్చిపోయినది. తెలుగుదేశంలో తిరిగి పుడుతున్నది. పోచంపల్లిలో దారానికి ముడులు వేసి, రంగులో ముంచి, పడుగును పేకను సరిచూచుకొంటూ రోజుల తరబడి నేసిన చీర నమూనాను, సూరత్‌లో కృత్రిమ నూలుబట్టమీద అచ్చువేసి అందులో కొద్దిపాటి ధరకే అమ్ముతారు. అది సూరత్ చీరలే అని చేనేతవారు అన్నప్పుడు ఆ గొంతులో 1862 నాటి లాంకషైరు ఆకలి వినిపిస్తుంది. వారి బాధ నిజమైనది. అనుకరణను అసలుగా చూపి అమ్మడం మోసమే. కాని ఆ సూరత్ చీర క్రింద ఉన్న గుడ్డను నేసినవాడు ఎవరు? మగ్గం సాగక ఊరు విడిచిపోయిన తెలంగాణ నేతగాడే కావచ్చును. పోచంపల్లి నేతగానికి దగ్గరి చుట్టమే కావచ్చును. ఆ చీర కొన్నది ఎవరు? పండుగనాడు రంగుచీర కట్టవలెనని ఏడాదంతా ఆశపడిన కూలిపని స్త్రీ. ఒక పేరును తిట్టుగా మార్చినప్పుడు ఆ రాయి ఎవరి ఇంటిమీద పడుతుందో విసిరినవానికి తెలియదు.

అయితే చేయవలసినది ఏమిటి? పాత అర్థాలను శాసనంచేసి తిరిగి తేవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. మాటలను నిషేధించినంత మాత్రాన తిరస్కారం పోదు. అది మరొక మాట వెదుక్కొంటుంది. ఒక ఆశ మాత్రం చరిత్రలో కనిపిస్తుంది. ఆంగ్లేయులు చాలకాలం తెలుగు భాషను జెంటూ అన్నారు. అన్యమతస్థుడు అన్న అర్థంగల పోర్చుగీసు మాటనుండి వచ్చిన పేరది. 1816లో క్యాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణానికి పేరు పెట్టినప్పుడు తెలుగు అన్న పేరునే ముందు పెట్టి, జెంటూ అన్నది వాడుకలోని పేరుగా తరువాత చేర్చినాడు. క్రమంగా భాష తన సొంతపేరుతోనే నిలిచినది. జెంటూ పాతమాటల కొట్టులో చేరినది. ఎవరూ దాన్ని నిషేధించలేదు. ఆ భాషను దగ్గరినుండి చదివినవారికి పరాయిపేరుతో పని లేకపోయినది. తెలిసికొనడమే ఇక్కడ చికిత్స.

దీనికి తోడు కావలసినది వాక్సంయమం. అశోకుని పన్నెండవ శిలాశాసనం పరమతాలను గురించి చెప్పుతూ, నోటిని అదుపులో ఉంచుకొనవలెనని, కారణం లేకుండా తనదాన్ని పొగడి పరులదాన్ని కించపరచరాదని బోధిస్తుంది. ఆ శాసనం గుజరాత్‌లోని గిర్నారు కొండ దగ్గరా ఉన్నది, ఆంధ్రలోని ఎర్రగుడిలోనూ ఉన్నది. సూరత్ పుట్టిన నేలకు, అక్కడికి వలసపోయినవారి మాతృభాషకు ఆ మాట ఒకేసారి చెప్పబడినదన్నమాట. అయినా ఆ శాసనపు మాటలకే ఏ గతి పట్టినదో చూడండి. అందులో పాషండమంటే ఏ మతసంప్రదాయమైనా సరే, గౌరవించదగినది. తరువాత అది వేదబాహ్యునికి నింద అయినది, హిందీలో పాఖండమై కపటానికి పేరైనది. దేవానాంప్రియుడన్న ఆ చక్రవర్తి బిరుదుకు తరువాతి వ్యాకరణ సంప్రదాయం మూర్ఖుడని అర్థం చెప్పినది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన సామెత. నోరు మంచిది కావలెనని రాతిమీద చెక్కించినవాని పేరునే నోళ్ళు విడిచిపెట్టలేదు.

కనుక మాటను వాడేవాని బాధ్యత చాల చిన్నది, కాని తప్పనిది. ఒక మాటతో ఎవరినైనా, దేనినైనా తక్కువచేసి మాట్లాడబోయేముందు, ఆ మాట ఇదివరకు ఎవరి పేరు, ఎవరి పని, ఎవరి ఊరు అన్నది ఒక్క క్షణం ఆలోచించడం. లోపాన్ని చెప్పవలసివస్తే లోపం చేసినవానిని చూపి చెప్పడం. తెలుగులో మాటపడడమంటే నింద మోయడం. మనుషులు మాటపడితే జవాబు చెప్పుకొనగలరు. మాటలు మాటపడితే వాటి తరపున చెప్పేది పాత నిఘంటువు ఒక్కటే. దాన్ని తెరిచేవారు తక్కువ.

సాయంకాలానికి రింగ్ రోడ్ మీద మూటలు లారీలకెక్కుతాయి. కొన్నిటిమీద తెలుగు ఊళ్ళ పేర్లుంటాయి. గ్రేగా మొదలై రంగులు దిద్దుకొన్న బట్ట గోడౌన్ దాటి బయలుదేరుతుంది. కొన్నాళ్ళకు ఏదో ఒక ఊరి సంతలో ఒక స్త్రీ ఆ చీరను భుజంమీద వేసుకొని చూచుకొంటుంది. దుకాణదారు దాన్ని సూరత్ చీర అంటాడు. ఆ మాటను అతడు ఏ గొంతుతో అంటాడన్నదానిమీదనే దాని తరువాతి అర్థం ఆధారపడి ఉంటుంది.